వికటకవిని పాలిండ్రోమ్ కాదన్న ప్రోగ్రాం

సోమవారం పైథాన్ ల్యాబ్‌లో ఇచ్చింది చాలా చిన్న ప్రోగ్రాం, ఒక పదం తీసుకుని తిరగేయాలి, ఎటునుంచి చదివినా ఒకేలా ఉంటే పాలిండ్రోమ్ అని చెప్పాలి, అంతే. మేడమ్, లెవెల్, రేడార్ అని అందరూ ఇచ్చే ఇంగ్లిష్ మాటలే ఇచ్చా, అన్నిటికీ ట్రూ వచ్చింది. రికార్డులో కూడా రాసేసుకున్నా. ఇంకా అరగంట టైముంది కదా అని వికటకవి అని తెలుగులో టైప్ చేసి ఎంటర్ కొట్టా.

ఫాల్స్.

స్పేస్ ఏదైనా పడిందేమో అని చెరిపేసి మళ్ళీ కొట్టా, మళ్ళీ ఫాల్సే. తెనాలి రామకృష్ణుడి కథలు విన్న చిన్నపిల్లలకి కూడా తెలిసిన విషయం ఇది, మా నాయనమ్మ నాకు వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించింది, వి, క, ట, క, వి, అని ఐదు వేళ్ళు, ఆ ఐదు వేళ్ళ లెక్క ఇంత పెద్ద మెషీన్‌కి రాదా అని నిజంగా బాధేసింది.

పొడవెంతో అడిగితే 7 అంది. అప్పుడు అర్థమైంది. మనం 'వి'ని ఒక అక్షరం అనుకుంటాం కానీ కంప్యూటర్‌లో ప్రతి గుర్తుకీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో అది రెండు, వ ఒకటి, దాని మీది గుడి ఇంకొకటి. గుణింతం గుర్తులన్నీ విడివిడి నంబర్లే, పొల్లుకి కూడా ఒక నంబరుంది. అందుకని తిరగేసినప్పుడు గుడి వెళ్ళి 'వ'కి ముందు కూర్చుంటుంది, పట్టుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం మీద వేలాడుతుంది. పక్క సిస్టంలో ఫ్రెండ్ ఇదే ప్రోగ్రాం సీ లాంగ్వేజ్‌లో రాస్తే పొడవు 21 వచ్చింది, ఎందుకంటే అక్కడ లెక్కపెట్టేది బైట్లని, ఆ నంబర్లని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది.

ఇంక ఆగలేదు, గుర్తొచ్చిన మాటలన్నీ ఇచ్చుకుంటూ పోయా. నటన, కనక, జలజ, మడమ పాసయ్యాయి, వాటిలో గుణింతాలు లేవు కాబట్టి. పులుపు, కునుకు ఫెయిల్. టమాటని తిరగేస్తే టామట అయ్యింది, మహిమ తిరగేస్తే మిహమ! గుణింతం గుర్తు ఒక అక్షరం మీద నుంచి దిగి పక్కదాని మీదకి ఎక్కేసింది. అమ్మని తిరగేస్తే మ్మఅ. ఇవి మాత్రం రికార్డులో రాయలేదు, నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నా.

ఇలాంటి ట్రివియా నాకు భలే ఇష్టం. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 గుర్తులే, రెండూ 140 బైట్లే, కాకపోతే ఇంగ్లిష్‌కి ఒక్కో అక్షరానికి 7 బిట్లు చాలు, మనకి 16 కావాలి. అందులోనూ 70 అంటే 70 అక్షరాలు కాదు, గుడులూ కొమ్ములూ వత్తులూ అన్నీ కలిపి. ఇంకోటి, 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు 'జ్ఞా' దెబ్బకి క్రాష్ అయిన సంగతి, అప్పుడు నేను స్కూల్లో ఉన్నా, ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుతోందని తెగ సంబరపడ్డా. మామూలుగా టైప్ చేసిన జ్ఞానానికి ఏం కాలేదు, 'జ్ఞ'కీ దీర్ఘానికీ మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు దూరితేనే సమస్య, ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు.

సరే మన వికటకవి దగ్గరికొస్తే, రాత్రి మెస్‌లో ఎంఏ తెలుగు చదివే అన్నకి ఇదంతా చెప్పా. "మీవాళ్ళు గుర్తులు లెక్కపెడుతున్నార్రా, మేం పలికేది లెక్కపెడతాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని వెతికితే పైథాన్‌కి విడిగా రెజెక్స్ అని ఒక లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడ్, ఉంది, అది హల్లునీ దాని గుణింతాన్నీ కలిపి ఒకే ముక్కగా ఇస్తుంది. వికటకవికి 5 వచ్చింది, తిరగేస్తే ట్రూ! రాత్రి పదకొండున్నరకి హాస్టల్ రూంలో గట్టిగా అరిచేశా.

కానీ అమ్మ దగ్గర మళ్ళీ తేడా, అ, మ్, మ అని 3 ముక్కలిచ్చింది. ఇది లైబ్రరీ తప్పు కాదు, ముక్కలు చేసే యూనికోడ్ రూలే అలా ఉండేది, వత్తులున్న అక్షరాన్ని విడగొట్టకూడదనే రూల్ తెలుగు, హిందీ లాంటి లిపులకి 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది, నా దగ్గరున్నది అంతకన్నా పాతది. పొల్లు తర్వాత హల్లుంటే కలిపేయమని నేనే ఒక లైన్ రాసుకున్నా. అమ్మకి 2.

మర్నాడు అన్న ఇంకో సంగతి చెప్పాడు, దీని కోసమే అసలు ఈ పోస్ట్ రాయాలనిపించింది. స్కూల్లో గణాలు గుర్తుపెట్టుకోడానికి నేర్పిస్తారు కదా, యమాతారాజభానసలగం అని. అందులో ఏ అక్షరం నుంచైనా వరసగా మూడు తీసుకుంటే ఆ పేరుగల గణం వస్తుంది, యమాతా అంటే లఘువు గురువు గురువు, యగణం. లఘువుని 0, గురువుని 1 అనుకుని రాసి చూశా, 0111010001. మూడు బిట్లతో వచ్చే 8 రకాలూ, 000 నుంచి 111 దాకా, ఒక్కోటి ఒక్కసారే వచ్చాయి! ఇదే విషయం డిస్క్రీట్ మ్యాథ్స్‌లో డి బ్రయిన్ సీక్వెన్స్ అని చదివాం, డి బ్రయిన్ అనే గణితవేత్త దాని మీద రాసిన పేపరు 1946లోది. తొమ్మిదో క్లాసులో నేను బట్టీపట్టింది, సెమిస్టర్‌లో అర్థంకాక రెండు రోజులు కూర్చున్నది ఒకటేనని తెలిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను.

ఇప్పుడు నా ప్రోగ్రాంతో ఉత్పలమాల పాదం సరిచూడాలని పట్టుకున్నా. భ ర న భ భ ర వ, చివరి వగణానికి మాత్రం రెండే అక్షరాలు కాబట్టి పాదానికి 20 అక్షరాలు. నిన్న అన్న ఒక పాదం ఇస్తే ప్రోగ్రాం 21 అంది, అన్న వేళ్ళ మీద 20 అన్నాడు. చూస్తే పాదం చివర 'న్' ఉంది, ప్రోగ్రాం దాన్ని విడిగా లెక్కపెట్టింది, ఛందస్సులో ఆ పొల్లు ముందు అక్షరంలో కలిసిపోయి దాన్ని గురువు చేస్తుంది. వెనక హల్లు లేని పొల్లుని ముందుదానికి అతికించమని ఇంకో లైన్ కలిపా, 20 వచ్చింది.

"మరి యతి ఎలా చూస్తావ్ రా?" అన్నాడు. ఒకటో అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి కుదరాలి, ఏది దేంతో కుదురుతుందో మెస్ కార్డు వెనకాల రాసిచ్చాడు, మొదటి వరసలో అ ఆ ఐ ఔ య హ అని ఉంది. ఈ రాత్రికి ఆ ఒక్క వరసన్నా ఎక్కించి పడుకుంటా.