ఆగిపోయిన ఫెలోషిప్ కోసం గ్రీవెన్స్ కమిటీ దాకా: నా అనుభవం

నిన్న సాయంత్రం బకాయి మొత్తం అకౌంట్‌లో పడింది. ప్రసూతి సెలవులో ఉన్న నెలలన్నిటి జేఆర్‌ఎఫ్ డబ్బు. జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పీహెచ్‌డీ స్కాలర్లకు నెలనెలా వచ్చే భత్యం. కోపం ఇంకా చల్లారలేదు, అయినా ఇప్పుడే రాస్తున్నాను. మా క్యాంపస్‌లోనే ఇదే ఇబ్బందిలో ఉన్న ఇద్దరు స్కాలర్లు ఏం చేయాలని అడుగుతున్నారు.

నాది రాష్ట్ర విశ్వవిద్యాలయం, చరిత్ర శాఖ. మా మండలం నుంచి జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న మొదటి అమ్మాయిని నేనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు, ఎందుకంటే ఈ డబ్బు నాకెవరో దయతలచి ఇస్తున్నది కాదు.

సెలవు దొరకడం తేలికగానే జరిగింది. గైడ్ సంతకం పెట్టారు, శాఖాధిపతి (హెచ్‌ఓడీ) ఫార్వర్డ్ చేశారు, ఆర్డర్ వచ్చింది. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మహిళా స్కాలర్లకు పీహెచ్‌డీ మొత్తంలో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వవచ్చు. జేఆర్‌ఎఫ్ మార్గదర్శకాల్లో ప్రసూతి సెలవు కాలానికి ఫెలోషిప్ పూర్తిగా ఇవ్వాలనే ఉంది.

అయినా సెలవు మొదలైన నెల నుంచే డబ్బు ఆగింది. ఫెలోషిప్ యూజీసీ నుంచి నేరుగా మన ఖాతాకే వస్తుంది కానీ, ప్రతి నెలా ఫెలోషిప్ పోర్టల్‌లో యూనివర్సిటీ తరఫున మేకర్ అనే ఉద్యోగి 'ఈ స్కాలర్‌కు డబ్బు ఇవ్వవచ్చు' అని కన్ఫర్మేషన్ వేయాలి, చెకర్ అనే ఇంకో ఉద్యోగి దాన్ని ఆమోదించాలి. మా సెక్షన్‌లో మేకర్ నా పేరు దగ్గర ఏమీ వేయకుండా వదిలేశారు. నెలకు 37,000 రూపాయలు. బాలింతగా ఉండి, మందులకూ పాలడబ్బాలకూ భర్త జీతం వైపు చూడాల్సి వచ్చింది.

"సెలవులో ఉన్నావు కదమ్మా, పని చెయ్యకుండా డబ్బెలా ఇస్తారు?" అన్నారు సూపరింటెండెంట్. మార్గదర్శకాల కాపీ చూపిస్తే, "ఇవన్నీ సెంట్రల్ యూనివర్సిటీలకమ్మా" అన్నారు. అది అబద్ధం. జేఆర్‌ఎఫ్ ఎక్కడ చదివినా జేఆర్‌ఎఫే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతున్నాను: ఆ సెక్షన్‌లో ఏ కాగితమైనా ఇన్‌వార్డ్ నంబర్ (కాగితం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోకుండా ఇవ్వకండి. నా మొదటి దరఖాస్తు అసలు అందనే లేదన్నారు. రెండోసారి ముద్ర వేయించుకున్నాను కాబట్టే ఆ మాట మళ్లీ అనలేకపోయారు.

విద్యార్థుల ఫిర్యాదులు విచారించే స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీకి ఫిర్యాదు పెట్టమని చెప్పింది మా హాస్టల్ సీనియర్ అక్క. ఆమె లా స్కాలర్. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి యూనివర్సిటీలో ఈ కమిటీ ఉండాలి. ఒక ప్రొఫెసర్ చైర్మన్, నలుగురు సభ్యులు, ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడు. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో సిఫార్సులతో నివేదిక ఇవ్వాలి, దాని కాపీ మనకూ రావాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడం ఒక్క పూటలో అయిపోయింది.

విచారణ రోజే నన్ను విరిచేసింది.

పాపను మా అమ్మకు అప్పగించి వరండాలో కూర్చోబెట్టి, నేనూ అక్కా లోపలికి వెళ్లాం. అక్కను చూడగానే చైర్మన్ గారు "ఈ అమ్మాయి ఎవరు? బయటివాళ్లకు ప్రవేశం లేదు" అన్నారు. అక్కను బయటికి పంపేశారు. ఒక సభ్యుడు నా ఫైలు తెరవనైనా లేదు. "పెళ్లి, పిల్లలు అనుకున్నప్పుడు పీహెచ్‌డీలో ఎందుకు చేరతారమ్మా? ఒక సీటు వృథా కదా" అన్నారు. నోట మాట రాలేదు. ఇంకొకాయన, ఆ నెలల్లో ఇంట్లో ఎన్ని పేజీలు రాశావో చూపించమన్నారు. సిజేరియన్ కుట్లు మానకముందు ఎన్ని పేజీలు రాశానో చెప్పాలట! బయట పాప ఏడుపు వినిపిస్తోంది. పాలకు టైమయింది. "ఒక్క ఐదు నిమిషాలు సార్" అని అడిగితే, "ముందు ఇది తేలనీ" అన్నారు. ఉన్న ఒక్క మహిళా సభ్యురాలు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు. ఆమె మౌనాన్ని నేను ఎప్పటికీ క్షమించలేను.

ఆ గదిలో విద్యార్థి ప్రతినిధి కూడా ఉన్నాడు. ఎంకాం గోల్డ్ మెడలిస్టు, మంచి పిల్లాడే. ఫెలోషిప్ పోర్టల్ ఎలా ఉంటుందో అతనికి తెలియదు, ఒక్క మాటా మాట్లాడలేదు. నేను అతన్ని తప్పుపట్టను. చదువులోనో ఆటల్లోనో ప్రతిభ చూసి అధికారులే నామినేట్ చేసే కుర్చీ అది, మేం పంపిన మనిషి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో యూనివర్సిటీ విద్యార్థి ఎన్నికలు ఆపేశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్కాలర్లు ఓటు వేసి యూనియన్‌ను ఎన్నుకుంటారు. మాకు మాత్రం మా బాధ తెలిసిన మనిషిని ఆ గదిలోకి పంపే దారి లేదు. మనం ఎన్నుకున్న ప్రతినిధి లేని చోట ఏ స్కాలర్ అయినా ఒంటరిగా, చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అరగంట తర్వాత అక్క తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో నిబంధనల ప్రింటు. "సార్, ఫిర్యాదుదారు స్వయంగా రావచ్చు, లేదా తన తరఫున మాట్లాడే ప్రతినిధిని నియమించుకోవచ్చు అని ఇందులోనే ఉంది. ఈమె నన్ను నియమించుకుంటోంది" అంది. అక్కడికక్కడే తెల్లకాగితం మీద ఆథరైజేషన్ (నా తరఫున అక్క మాట్లాడవచ్చనే అనుమతి పత్రం) రాసి సంతకం పెట్టాను. చైర్మన్ గారు ఆ పేరా రెండుసార్లు చదువుకుని "సరే" అన్నారు. నేను పాప దగ్గరికి పరుగెత్తాను. మిగతాదంతా అక్కే మాట్లాడింది. పేజీల సంగతి ఎత్తినాయనకు ప్రసూతి సెలవు అంటే ఏమిటో ఆమె నిమ్మళంగా వివరిస్తుంటే వరండాలోకి వినిపించింది.

కాబట్టి ఇద్దరికీ నా మాట: ఒంటరిగా వెళ్లకండి. ఆథరైజేషన్ ముందే రాసి, ఫిర్యాదుతోపాటే జతచేయండి. "రాజీ చేసుకో అమ్మా, గైడ్‌కు ఇబ్బంది" అని ఫోన్ చేసేవాళ్లుంటారు, వినకండి. కమిటీ నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో ఓంబుడ్స్‌పర్సన్‌కు (కమిటీ మీద అప్పీళ్లు వినే అధికారికి) అప్పీలు చేయవచ్చు. నాకు ఆ అవసరం పడలేదు. సిఫార్సు నాకు అనుకూలంగా వచ్చింది, మేకర్ పెండింగ్ నెలలన్నీ ఒక్కసారే వేశారు.

సభ్యుల మాటల గురించి వేరే ఫిర్యాదు రాశాను. ఆ కుర్చీలో కూర్చునే విద్యార్థిని స్కాలర్లమే ఎన్నుకునే అవకాశం ఇవ్వాలని ఇంకో వినతిపత్రం రాశాం. రెండింటికీ ఇన్‌వార్డ్ నంబర్లున్నాయి, జవాబు మాత్రం రాలేదు. వచ్చే గురువారం రిజిస్ట్రార్ పేషీకి వెళ్తున్నాం. సంతకం పెట్టాలనుకున్న స్కాలర్లు పదింటికల్లా లైబ్రరీ దగ్గరికి రండి.