లేటెక్స్ పరుపు కొనేవారు ముందు మంచం అడుగు చూడాలి

లేటెక్స్ పరుపు, అంటే రబ్బరు పాల నురుగుతో చేసిన పరుపు, కొనాలనుకునేవారు ముందు ధర అడుగుతారు, తరువాత మందం అడుగుతారు. ఆ పరుపు దేని మీద పడుతుందన్న ప్రశ్న చాలా ఇళ్ళలో అసలు రానే రాదు. నా దృష్టిలో పరుపుకూ, మంచం అడుగుకూ కలిపి ఒకే లెక్క వేసుకోవడం మంచిది. పరుపు మీద కొంత తగ్గించుకునైనా అడుగున చెక్క పట్టీలు వేయించుకున్నవారికి, ఖరీదైన పరుపును ప్లైవుడ్ మీద పరచుకున్నవారికంటే ఎక్కువ కాలం సుఖం దక్కుతుంది.

నేనుండేది విశాఖపట్నంలో. సముద్రపు గాలిలోని తేమకు తోడు మనిషి ఒంటి చెమట రాత్రంతా పరుపులోకి దిగుతూనే ఉంటుంది. లేటెక్స్‌లో సన్నని గాలి గదులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కనుక ఆ ఆవిరి కిందికి సులువుగానే చేరుతుంది, కానీ కింద ప్లైవుడ్ పలక మూసేసి ఉంటే అది అక్కడే ఆగి చెమ్మగా మారుతుంది. ఒక వానాకాలం చివర మా ఇంట్లో పరుపు ఎత్తి చూసినప్పుడు, సరిగ్గా నడుము ఆనే చోట పలక మీద నల్లటి బూజు చుక్కలు అరచేతి వెడల్పున పరచుకుని ఉన్నాయి. పరుపు అడుగు గుడ్డ తడిగా లేకపోయినా చల్లగా, ముక్కిన వాసనతో ఉంది. వెనకటి నులక మంచం, నవారు మంచం దూది పరుపుకు కింది నుంచి గాలి అందించేవి. సామాను దాచుకునే పెట్టె మంచాలు వచ్చాక ఆ దారి మూసుకుపోయింది.

ఇక పరుపు సంగతి. మన దేశంలో రబ్బరు తోటలకు పెట్టింది పేరు కేరళ. రబ్బరు పాలను నురుగు వచ్చేలా గిలకొట్టి, గంధకం వంటివి కలిపి, అచ్చులో పోసి ఆవిరి వేడితో గట్టిపరచడాన్ని డన్‌లప్ పద్ధతి అంటారు; ఇది 1929 నాటిది. తలాలే పద్ధతిలో అచ్చులోని గాలిని లాగేసి, నురుగును గడ్డకట్టించి, ఆ తరువాత వేడి చేస్తారు. తలాలే పరుపు తేలికగా, మెత్తగా ఉంటుంది, ధర కూడా బాగా ఎక్కువ. డబ్బు చూసుకుని కొనేవారికి డన్‌లప్ నిస్సందేహంగా చాలు. అచ్చులో బరువైన కణాలు కిందికి దిగడం వల్ల దాని అడుగు భాగం కాస్త గట్టిగా ఉంటుంది. వెల్లకిలా పడుకునే మనిషి నడుముకు ఆ గట్టిదనం మేలే చేస్తుంది.

అసలు జాగ్రత్త పేరు విషయంలో కావాలి. పైన ఒక అంగుళం లేటెక్స్, కింద అయిదు అంగుళాల మామూలు ఫోమ్ పెట్టి మొత్తాన్ని లేటెక్స్ పరుపు పేరుతో అమ్మడం మామూలైపోయింది. దీన్ని పట్టుకోవడానికి తూకం కంటే మంచి సాధనం లేదు. 78 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న పరుపు ఘనపరిమాణం సుమారు 0.46 ఘనపు మీటర్లు. డన్‌లప్ లేటెక్స్ సాంద్రత ఘనపు మీటరుకు 80 కిలోలు అనుకుంటే, గుడ్డ తొడుగు కాక పరుపు ఒక్కటే దాదాపు 37 కిలోలు తూగాలి. అదే కొలతల్లో అయిదు అంగుళాలు 32 సాంద్రత గల ఫోమ్, ఒక అంగుళం లేటెక్స్ అయితే బరువు 18 కిలోల దగ్గరే ఆగిపోతుంది. అందుకే కొట్టులో బరువెంత అని అడగండి, ఆ అంకెను రసీదులో రాయించుకోండి. తొడుగుకు జిప్పు ఉంటే తెరిచి, లోపల పై నుంచి కింది దాకా ఒకే ముక్క ఉందో, పొరలు అతికించారో కళ్ళతో చూడండి. తూకం సరిపోయినంత మాత్రాన అది చెట్టు పాల రబ్బరే అని చెప్పలేము, ఎందుకంటే కృత్రిమ రబ్బరు కలిపినా బరువు తగ్గకపోవచ్చు; సహజమైన రబ్బరు శాతం ఎంతో అమ్మేవారి చేత విడిగా రాయించుకోవాలి.

మంచం విషయానికి వస్తే, మా వడ్రంగి మేస్త్రితో మాట్లాడిన తరువాతే నాకు లెక్క స్పష్టమైంది. మూడు అంగుళాల వెడల్పు పట్టీలను రెండేసి అంగుళాల సందుతో వేస్తే 78 అంగుళాల పొడవుకు సరిగ్గా 16 పట్టీలు పడతాయి. "సందు నాలుగంగుళాలు ఇద్దామండీ, నాలుగు పట్టీలు కలిసొస్తాయి" అన్నారాయన. మామూలు పరుపుకైతే ఒప్పుకునేదాన్నేమో కానీ, లేటెక్స్ బరువుకు సాగి సందుల్లోకి దిగుతుంది కనుక మూడు అంగుళాలు దాటకూడదని చెప్పాను. పట్టీ మందం ముప్పావు అంగుళం అనుకుంటే, 60 అంగుళాల పట్టీలు 16కు పట్టే చెక్క ఒకటింబావు ఘనపుటడుగు మాత్రమే. కోతలో పోయేది కలుపుకున్నా ఒకటిన్నర చాలు. ఇంత తక్కువ చెక్కకు టేకు ధర కూడా భయపెట్టదు, వేప, మద్ది అయితే ఇంకా నయం. చెక్క బాగా ఆరినదై ఉండాలి; పచ్చిది ఏడాది తిరగకుండా మెలిపడుతుంది.

ఆయన తన అనుభవంతో చెప్పిన మాట మరొకటి ఉంది: "మధ్యలో పొడుగునా దూలం వేసి, దాని కింద ఒక కోడు పెట్టకపోతే నడుం దగ్గర కుంగిపోద్దండి." ఇద్దరు మనుషులు, 40 కిలోల పరుపు అయిదు అడుగుల మేర ఆధారం లేని పట్టీల మీద పడతాయని తలచుకుంటే ఆ మాటలోని న్యాయం తెలుస్తుంది. పట్టీల అంచుల కింద రబ్బరు ముక్క అంటిస్తే కిర్రుమనే చప్పుడు ఉండదు. సముద్రతీరపు ఊళ్ళలో ఇనుప మేకులు తుప్పు పట్టి వదులవుతాయి, అందువల్ల స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడించుకోవాలి. ఉన్న పెట్టె మంచాన్ని వదులుకోలేనివారు పలక తీసేసి పట్టీలు వేయించి, పెట్టె పక్కలకు గాలి రంధ్రాలు పెట్టించుకోవచ్చు. పలకకే రంధ్రాలు చేయించడం సగం పనే, పరుపు అడుగు చాలా భాగం మూసుకునే ఉంటుంది.

లేటెక్స్‌ను దూది పరుపులాగా మేడ మీద ఎండకు వేయకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రబ్బరు పసుపుబారి, పెళుసై, పొడిగా రాలుతుంది. తొడుగు తీసి ఉతకడం, ఎప్పుడైనా పరుపును గోడకు నిలబెట్టి ఫ్యాను గాలి తగలనివ్వడం చాలు.

ఆరు అంగుళాల పరుపు ఇప్పుడు అందుబాటులో లేదనుకునేవారికి నేను మనస్ఫూర్తిగా చెప్పే దారి ఇది: ఇంట్లో ఉన్న కొబ్బరి పీచు పరుపు గుంటలు పడకుండా చదునుగా ఉంటే, మొదట పట్టీలు వేయించి, దాని మీద రెండు అంగుళాల లేటెక్స్ పొరను మాత్రం పరచుకోండి. పై కొలతల్లో ఆ పొర బరువు 12 కిలోల పైచిలుకు ఉండాలి. పీచు పరుపు పాడైనప్పుడు దాని స్థానంలో నాలుగు అంగుళాల లేటెక్స్ ముక్క కొనుక్కుంటే, ముందున్న పొరతో కలిసి ఆరు అంగుళాలు అవుతుంది, మంచం మళ్ళీ ముట్టుకోనక్కరలేదు.