బోర్లించిన కుండ, బిల్లు పుస్తకం

పొద్దున ఏడింటికల్లా బండి తీసి, బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్ళాను. అక్కడ పూతరేకులమ్మే పిన్నిగారి డిజైన్ పని పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. విజిటింగ్ కార్డు, బిల్లు పుస్తకం, పెట్టె మీదికి స్టిక్కరు, రబ్బరు స్టాంపు. రాజమండ్రిలో కంప్యూటర్ ముందు కూర్చుని నాలుగు రకాలు చేశాను గానీ ఒక్కటీ ఆవిడదిలా లేదు. పూతరేకు చుట్టే చేతుల్ని చూడకుండా పూతరేకుల కొట్టుకి గుర్తు గీద్దామనుకోవడం నా తప్పే.

ఇంటి వెనక పాకలో కుండ బోర్లించి ఉంది. కింద ఎండు కొబ్బరాకు మంట. పిన్నిగారు పల్చటి గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా చాచి పట్టుకుని, కుండ మీద ఇటునుంచి అటు ఒక్క ఊపున లాగారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు అంచు లేచింది. వేళ్ళతో తీసి పక్కన పెడుతుంటే దాని గుండా పాకలోకి పడే ఎండ కనబడింది. పద్దెనిమిదేళ్ళుగా కాగితాలతో బతుకుతున్నాను, అంత పల్చటిది ఏ ప్రెస్సులోనూ చూళ్ళేదు. అక్కడే చెక్కపీట మీద కూర్చుని పుస్తకంలో ఓ అరచక్రం గీసి, దాని మీదుగా ఒక గీత లాగి, కుడివైపు కొస కొంచెం పైకి లేపాను.

"ఇది మా కుండే కదూ!" అన్నారు పిన్నిగారు, నేను చెప్పకముందే. గుర్తు అక్కడే కుదిరిపోయింది.

పాత కార్డు ఒకటి కోడలు తెచ్చి చూపించింది. ముదురెరుపు మీద బంగారు రంగు, మూలన ఎక్కణ్ణించో తెచ్చి అతికించిన లడ్డూ బొమ్మ, పేరు పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, దాని కింద చీమ తలకాయంత తెలుగు. పూతరేకులమ్మే మనిషి కార్డు మీద లడ్డూ ఏమిటని మనసు చివుక్కుమంది. అంతకన్నా బాధ ఇంకోటి. పేరులో 'ధ' ఉంది. ముదురు రంగు అచ్చులో అక్షరాల చోటు తెల్లగా వదిలేసరికి సిరా పాకి, అడుగున ఉండే ఆ చిన్న గీత పూడిపోయి 'ద' అయి కూర్చుంది. ఇరవయ్యేళ్ళుగా నిలబెట్టుకున్న పేరు, ఐదు వందల కార్డుల మీద తప్పుగా ఊరంతా తిరిగింది. ఇంగ్లీషుకి అక్షరం సైజు 8 పాయింట్లు సరిపోయిన చోట తెలుగుకి 10, 11 ఇవ్వాలి, పైన గుడులకీ కింద వొత్తులకీ చోటు వదలాలి. ఈ ఒక్కటీ మా వృత్తిలో అందరూ పాటిస్తే ఎన్ని పేర్లు బాగుపడతాయో.

నేను మూడు నమూనాలు తీసుకెళ్ళాను. మెరిసే లామినేషన్ వేసింది, మ్యాట్ వేసింది, ఏ పూతా లేని మామూలు లేతగోధుమ అట్ట. పిన్నిగారు నెయ్యి చేత్తోనే మూడోది పట్టుకున్నారు. వేలిముద్ర పడ్డ చోట నెయ్యి ఇంకి అట్ట మసక అద్దంలా అయింది. నేను కంగారుగా వెనక్కి తీసుకోబోతే ఆవిడ దాన్ని వెలుగుకి ఎత్తి చూసి, "రేకులాగే అయింది చూడు బాబూ. ఇదే ఉంచు" అన్నారు. లామినేషన్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బిల్లులు ఇప్పటిదాకా మనవడి పాత నోటు పుస్తకంలో చింపిన కాగితాల మీదే రాస్తున్నారు. వాటినే పావుగంట చూస్తూ కూర్చున్నాను. ఏం రాస్తున్నారో అందులోనే తెలిసిపోయింది: బెల్లానివి ఎన్ని, పంచదారవి ఎన్ని, డ్రైఫ్రూట్‌వి ఎన్ని, ఏ ఊరికి, ఏ బస్సుకి. ఆ మూడు రకాలూ ముందే అచ్చువేసేస్తే అంకె వేస్తే చాలు. బస్సు పేరుకి వేరే గడి. తయారుగా దొరికే బిల్లు ఫారాల్లో గీతకీ గీతకీ మధ్య చోటు తక్కువ. పిన్నిగారి రాతలో వొత్తులు కింది వరసకి తగులుతున్నాయి, అందుకని 9 మిల్లీమీటర్లు చేశాను. పైన తెల్లది, కింద పసుపుది, కార్బన్ పెట్టక్కర్లేని కాగితం. లెటర్‌హెడ్ వద్దన్నాను. ఆవిడ ఎవరికీ ఉత్తరాలు రాయరు, ఆ డబ్బు స్టిక్కరు మీద పెడదాం.

స్టిక్కరు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు 14 అంకెలూ, బరువూ, ధరా, వేసిన సరుకులూ రావాలి. తయారీ తేదీ ఏ రోజుకారోజు చేత్తో వేస్తారు గనక మెరిసే కాగితం పనికిరాదు, బాల్‌పెన్ను జారిపోతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ జీఐ ముద్ర కూడా వేసేయమని కోడలు అడిగింది. అది ఊళ్ళో ఉన్నంత మాత్రాన వాడేసేది కాదమ్మా, వాడుకదారుగా మీ పేరు రిజిస్టరు కావాలి, కాగితం చేతికొచ్చేదాకా ఆ మూల ఖాళీగా ఉంచుతానన్నాను. సరేనంది.

మధ్యాహ్నం భోంచేసి అక్షరాల మీద పడ్డాను. మిఠాయి, పచ్చళ్ళ పొట్లాలన్నిటి మీదా బాపు గారి వంపుల అక్షరాలే. నాకూ ప్రాణమే అవి, కానీ పది కొట్లు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తెలియదు. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన ఖతుల్లో (ఫాంట్లలో) రామభద్ర అనే లావు అక్షరాలది పెట్టి చూశాను, ఆ కుండ పక్కన బరువైపోయింది. చివరికి పిన్నిగారు నోటు పుస్తకం అట్ట మీద స్కెచ్చి పెన్నుతో రాసుకున్న కొట్టు పేరునే ఫోటో తీసి, దాని మీదే గీసుకుంటూ వచ్చాను. ఆవిడ తలకట్టు కుడికి సాగదీస్తారు, రేకు కొస లేచినట్టు. దాన్ని ముట్టుకోలేదు. 'ధ' కింది గీత మాత్రం కొంచెం పొడుగు చేశాను. స్టాంపు సైజుకి తగ్గించేసరికి కుండ మీద గీత మాయమైంది, స్టాంపుకి వేరేగా లావు గీతతో ఇంకోటి గీశాను.

సాయంత్రం స్క్రీన్ ప్రింటింగ్ మాష్టారి దగ్గరికి. కార్డుకి ట్రేసింగ్ పేపరు తొడుగు వేద్దామని నాకు ఒకటే కోరిక. "గోదారి చెమ్మకి తెల్లారేసరికి చుట్ట చుట్టుకుపోద్ది తమ్ముడూ" అన్నారాయన. నిజమే, వదిలేశాను. అంతా ఒకటే రంగు, బెల్లం రంగు. ఆయన ఎరుపూ పసుపూ కలిపి చూపించింది ఇటుకలా ఉంది. నలుపు చుక్క వేశారు, ఇంకో చుక్క వేశారు. ట్యూబులైటు కింద నమ్మకం కుదరక ఇద్దరం రోడ్డు మీదికొచ్చి, వెలుతురు పోయేలోపు చూసి ఖాయం చేసుకున్నాం. ఒక కార్డు ఇంటికి తెచ్చాను. సిరా పూర్తిగా ఆరాక, రేపు దాని మీద నెయ్యి రాసి చూడాలి.

తొమ్మిదింటికి పిన్నిగారి ఫోను. "బాబూ, బిల్లు నంబరు ఒకటి నుంచి వద్దు. నూట పదహారు నుంచి వేయించు."

మాష్టారికి అప్పుడే మెసేజి పెట్టాను: నంబరింగ్ మిషను 116 దగ్గర తిప్పి ఉంచండి.