సగం వచనం

మా అమ్మాయికి 13 ఏళ్లు. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. అయినా బైబిల్ వచనాలు తెలుగులోనే కంఠతా వచ్చు. పరాయి దేశంలో పెరిగే పిల్లకి అలాగైనా భాషా భక్తీ రెండూ అబ్బుతాయని మా ఆశ. వచనం నోటికి వస్తే చాలు, శోధన వేళ, అంటే తప్పు చేయాలనే ఆశ లాగే వేళ, అదే కాపాడుతుందని నేను గట్టిగా నమ్మాను.

ఒక రాత్రి తను ఏడుస్తూ నా గదిలోకి వచ్చింది. క్లాసు పిల్లల ఫోన్ గ్రూపులో ఎవరో మర్నాటి పరీక్ష ప్రశ్నలు పెట్టారట. చూడకూడదనుకుంది. ప్రార్థన చేసుకుంది. మొదటి కొరింథీయులకు 10:13 మనసులో చెప్పుకుంది. చివరికి చూసేసింది.

"దేవుడు భరించగలిగినదానికంటే ఎక్కువ శోధన రానివ్వడని నువ్వే నేర్పావు కదమ్మా. నేను భరించలేకపోయాను. అంటే ఆ మాట నిజం కాదా?"

దేవుని మాటను అలా ప్రశ్నించకూడదు అని నాలుక చివరిదాకా వచ్చింది. నేను పెరిగింది ఆ మాట వింటూనే. కానీ తను వాదించడానికి రాలేదు, భయపడి వచ్చింది. అందుకే నా తెలుగు బైబిలు, తన ఇంగ్లీషు బైబిలు పక్కపక్కనే పెట్టుకుని కూర్చున్నాం.

13వ వచనం ఒక్కటే కాదు, దాని ముందూ వెనకా కూడా చదివాం. 12లో, నిలబడ్డాననుకునేవాడు పడిపోకుండా జాగ్రత్తపడాలని ఉంది. 14లో "పారిపొండి" అని ఉంది. 13లో కూడా నేను తనకు నేర్పింది సగమే. మిగతా సగంలో దేవుడు శోధనతోకూడ "తప్పించుకొను మార్గమును" కలుగజేస్తాడని ఉంది.

"మరి నీకు ఆ మార్గం కనబడిందా?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. "గ్రూపులోంచి బయటికి వచ్చే బటన్ ఉంది. దాని మీద వేలు పెట్టాను కూడా. మళ్లీ తీసేశాను."

ఆ మాట విన్నాక నాకు మత్తయి 4వ అధ్యాయం గుర్తొచ్చింది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమని సాతాను యేసుతో మాట్లాడింది లేఖనంతోనే. 91వ కీర్తనలోదే, దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారన్న మాట. కానీ కీర్తనలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్నది వదిలేశాడు. ఆ తర్వాతి వచనంలోనే భుజంగాలను అణగదొక్కడం గురించి ఉంది. అక్కడిదాకా వెళ్లనే లేదు. యేసు ఇచ్చిన జవాబు, నీ దేవుని శోధింపవలదు (పరీక్షించవద్దు) అన్నది, ద్వితీయోపదేశకాండము 6:16. వాగ్దానాన్ని దూకడానికి సాకుగా వాడుకోకూడదని ఆ జవాబుతో తేలిపోయింది. వచనం నోటికి రావడమే రక్షణ అయితే, అది శోధకుడికీ వచ్చు.

అదే 6వ అధ్యాయంలో తల్లిదండ్రులకూ ఆజ్ఞ ఉంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని ఆజ్ఞల గురించి "మాటలాడవలెను" అని. 20, 21 వచనాల్లో, ఈ కట్టడలు, అంటే ఆజ్ఞలు, ఏమిటని నీ కొడుకు అడుగుతాడు, అప్పుడు జవాబు చెప్పు అని ఉంది. పిల్లలు అడుగుతారని లేఖనానికి ముందే తెలుసు. నేనేమో ఇన్నేళ్లూ అప్పజెప్పించుకున్నాను తప్ప మాట్లాడలేదు. "పిల్లలారా, విధేయులైయుండుడి" అని ఎఫెసీయులకు 6:1 ఎన్నిసార్లు చదివి వినిపించానో. పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకు చెప్పే 4వ వచనం ఒక్కసారీ చదవలేదు. ఆ రాత్రి అదీ చదివి తనకు క్షమాపణ చెప్పాను.

పొద్దున్నే తను టీచర్ దగ్గరికి వెళ్లి ప్రశ్నలు చూశానని చెప్పింది. వేరే ప్రశ్నపత్రంతో మళ్లీ రాయమన్నారు. గ్రూపు వదిలేసింది. ఆ వారమంతా ఇద్దరు స్నేహితురాళ్లు తనతో మాట్లాడలేదు.

"తప్పించుకునే మార్గం అన్నావు కదా, మరి ఇంత బాధగా ఉందేం?" అంది.

మళ్లీ అదే పేజీ తీశాం. ఆ వాక్యంలో "సహింపగలుగుటకు" అన్న మాట మీద నేను వేలు పెట్టాను. దాన్ని ఎలా చదవాలో అడిగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత పెన్సిలు తీసుకుని నా తెలుగు బైబిల్లో దాని కింద గీత గీసింది.