రెండు కాలనీల నడుమ బండ్లబాట

హన్మకొండ శివారులో మా కాలనీకీ, దానికి ఉత్తరాన ఉన్న కాలనీకీ మధ్య ఉన్న సన్నని జాగా గురించి ఏడాదికి పైగా తగాదా నడుస్తోంది. అది రోడ్డని మావాళ్లు, తమ లేఅవుట్‌లోని ఖాళీ స్థలమని వారు అంటున్నారు. ఈ మధ్య వారు దానికి అడ్డంగా ఇటుక గోడ కట్టడంతో మాటలు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లాయి. నేను మా కాలనీవాడినే అయినా, రెండు పక్షాల కాగితాలూ చదివిన తరువాత నాకు తోచినది ఇక్కడ రాస్తున్నాను.

ఇళ్లు రాకముందు ఇవి రెండు వేర్వేరు సర్వే నంబర్లలోని మక్క, పత్తి చేన్లు. వాటి నడుమ గెట్టు, గెట్టు పక్కన ఎడ్లబండ్లు నడిచే బాట ఉండేవి. ఆ చేన్లలో ఒకదాన్ని కౌలుకు చేసిన పెద్దాయన గోడ దగ్గర నిలబడి, "సారూ, ఇది బండ్లబాట. మా నాయిన కాలంల మక్కకంకులు ఈడికెల్లే ఇంటికి తెచ్చుకునేది" అని చెప్పాడు. గ్రామ నక్షలో కూడా ఆ బాట జంట చుక్కల గీతగా కనిపిస్తోంది. ప్లాట్లు చేసేటప్పుడు రెండు వైపులా జేసీబీతో గెట్టును చదును చేశారు. దానితోపాటు హద్దు రాళ్లూ పోయాయి.

అసలు చిక్కంతా అక్కడే మొదలైంది. ప్లాట్లు చేసినవారు సర్వే నంబరు హద్దు నుంచి లోపలికి కొలవకుండా, రోడ్డు అంచున తాము పాతుకున్న రాయి నుంచి కొలుచుకుంటూ పోయారు. గుంట అంటే 121 గజాలు, ఎకరం అంటే 4,840 గజాలు అన్న లెక్క కాగితం మీద ఎంత సరిగ్గా ఉన్నా, మూడు వందల అడుగుల పొడవున గీత ఒక్క అడుగు జరిగితే 33 గజాలకు పైగా భూమి ఒక వైపు నుంచి మరో వైపుకు పోతుంది.

మా చివరి వరుస ప్లాట్ల దస్తావేజుల్లో ఉత్తరం హద్దు "30 అడుగుల రోడ్డు" అని ఉంది. వారి దస్తావేజుల్లో దక్షిణం హద్దు "ఇతరుల భూమి" అని ఉంది. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయన్న మాటను మావాళ్లు గట్టిగా పట్టుకున్నారు. కానీ మాకు అమ్మినవాడు తన దస్తావేజులో రాసిన రోడ్డు, ఆ దస్తావేజుతో సంబంధం లేని పొరుగువారి భూమిలో ఎలా పుడుతుందన్న వారి ప్రశ్న న్యాయమైనదే. అట్లని వారి గోడ న్యాయమైనదని కాదు. అనుమతి పొందిన లేఅవుట్‌లో రోడ్లను, ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. కాబట్టి అది నిజంగా వారి లేఅవుట్ ఖాళీ స్థలమే అయినా దాని మీద గోడ కట్టే హక్కు కాలనీ సంఘానికి రాదు.

గోడ వల్ల నీటికి కూడా దారి మూసుకుపోయింది. 2020 ఆగస్టులోనూ, 2023 జులైలోనూ వరంగల్, హన్మకొండ కాలనీలు ఎట్లా మునిగాయో చూసినవాళ్లం మనం. వాలు మా వైపు నుంచి వారి వైపుకు ఉంది. పెద్దవాన పడితే గోడకు ఇవతల మా ఇళ్లు మునుగుతాయి, గోడ కూలితే అవతల వారి ఇళ్ల మీద పడుతుంది.

కనుక రెండు సంఘాలూ కలిసి ఒకే ఎఫ్-లైన్ దరఖాస్తు (సర్వే నంబరు హద్దులు కొలిచి చూపమని ప్రభుత్వ సర్వేయర్‌ను కోరే దరఖాస్తు) పెట్టి, చలానా చెరి సగం కట్టాలన్నది నా ప్రతిపాదన. సర్వేయర్ ప్లాట్ల మూలల నుంచి కాకుండా, గ్రామ నక్ష ప్రకారం ఇంకా చెక్కుచెదరకుండా ఉన్న పాత రాళ్ల నుంచి కొలవాలి. ఇరుపక్షాలకూ ముందుగా నోటీసు అందాలి. కొలత పూర్తయిన రోజే రాళ్లు పాతి, పంచనామా మీద ఇద్దరి సంతకాలూ తీసుకోవాలి. కొలతలో మా రోడ్డు తగ్గినా మేము ఒప్పుకోవాలని మా సంఘం సమావేశంలో చెప్పాను. కొందరికి నచ్చలేదు, అయినా చివరకు తీర్మానం చేశారు. అప్పటిదాకా అంబులెన్స్ పట్టేంత వెడల్పున గోడను తీసి ఉంచమని పక్క కాలనీవారిని అడిగాం. వారి పెద్దలు గోడ సంగతి ఇంకా తేల్చలేదు గానీ, ఉమ్మడి దరఖాస్తు నకలు తీసుకుని, తమవారితో మాట్లాడి చెబుతామన్నారు.