ముక్కు కోసం వేసిన బిళ్ల, రాత్రంతా కాళ్లు లాగుడు: మెయిన్స్ రాసేవాళ్లకు

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి రూముల్లో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లకు వానలు వెనకబట్టే రోజులంటే తెలిసిందే. ఖాళీ ప్లాట్ల నిండా వయ్యారిభామ తెల్లగా పూసి ఉంటుంది. లైబ్రరీలో పాత పేపర్ల కట్ట విప్పితే దుమ్ము. పొద్దున లేస్తూనే వరసబెట్టి తుమ్ములు. మెడికల్ షాపువాడు అడగ్గానే జలుబు బిళ్ల చేతిలో పెడతాడు. మామూలువాళ్లకు దాంతో కాస్త మత్తు, అంతే. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకినట్టుండి, లేచి నాలుగడుగులు వేస్తే గానీ ఊరుకోని రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్ల సంగతి వేరు. కళ్లు మూతలు పడుతుంటాయి, కాళ్లు పడుకోనివ్వవు.

ఈ జలుబు బిళ్లల్లో ఉండే పాతకాలపు అలర్జీ మందులు మెదడులోకి వెళ్లి పనిచేస్తాయి, మత్తు వచ్చేది అందుకే. కాళ్ల లాగుడును పెంచే మందుల్లో ఇవి ముందుంటాయి. కాబట్టి స్ట్రిప్ మీది బ్రాండు పేరు వదిలేసి వెనక సన్నక్షరాలు చదవండి: క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్, హైడ్రాక్సిజిన్. పైన పారాసిటమాల్ అని పెద్దగా ఉండి, కింద క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా. అని నక్కి ఉంటుంది. దగ్గు సిరప్పుల్లోనూ ఇదే తంతు. పాలిటీ బిట్లలో 'కానిది ఏది' అన్న మాట వదలకుండా పట్టుకునేవాళ్లు ఇక్కడ మాత్రం దొరికిపోతారు.

మరి ముక్కుకేం చేయాలి? రోజూ తుమ్ములు, దిబ్బడ ఉంటే ముందు నిలవాల్సింది బిళ్ల కాదు, ఫ్లూటికసోన్ లేదా మొమెటసోన్ ముక్కు స్ప్రే. డాక్టరు రాస్తే, పెద్దలకు మామూలుగా ఒక్కో రంధ్రంలో రెండు స్ప్రేలు, రోజుకొకసారి. పూర్తి గుణం కనబడటానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పరీక్షకు రెండు రోజుల ముందు కొని 'పనిచేయలేదు' అనకండి. కొట్టే తీరులోనే చాలామంది తప్పుతారు. ముక్కు చీది, సీసా ఊపి, తల కొంచెం ముందుకు వంచాలి. కుడిచేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమచేత్తో కుడి రంధ్రంలో, సీసా మూతిని ఆ రంధ్రం వైపే ఉన్న కంటి బయటి మూలకేసి తిప్పి కొట్టాలి. మధ్య గోడకు తగిలితే అక్కడ పుండై రక్తం వస్తుంది. గట్టిగా పీలిస్తే మందంతా గొంతులోకి జారుతుంది, మెల్లగా పీల్చాలి.

బిళ్ల కావాలంటే మెదడులోకి దాదాపు వెళ్లని ఫెక్సోఫెనడిన్ నయం, పెద్దలకు 120 మి.గ్రా. రోజుకొకటి. కిడ్నీ ఇబ్బంది ఉంటే డాక్టర్ని అడగాలి. మంచినీళ్లతోనే వేసుకోండి, బత్తాయి, ఆపిల్ జ్యూస్‌తో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. సెటిరిజిన్, లివోసెటిరిజిన్‌లతో కొందరికి మత్తు తప్పదు. మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ల ఎవరో వాడారని మీరూ మొదలుపెట్టొద్దు. నిద్ర చెడటం, పీడకలలు, దిగులు రావచ్చని దానిమీద అమెరికా మందుల సంస్థ 2020లో గట్టి హెచ్చరికే పెట్టింది. దిబ్బడకు వేసే జైలోమెటజోలిన్ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులు, అంతకు మించితే దిబ్బడ తిరగబెడుతుంది.

మందు లేని ఉపాయం ఉప్పునీళ్ల కడుగుడు. మరగబెట్టి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అయోడిన్ లేని ఉప్పు అర టీస్పూను, వంటసోడా చిటికెడు. కుళాయి నీళ్లు నేరుగా వద్దే వద్దు.

ఇక కాళ్లు. హిమోగ్లోబిన్ బాగానే ఉందని వదిలేయకుండా ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ రక్తపరీక్ష చేయించుకోండి. ల్యాబు కాగితం మీద 30 కూడా 'నార్మల్' అనే ఉండొచ్చు, ఈ జబ్బుకు మాత్రం 75, అంతకు తక్కువైతే ఐరన్ ఇవ్వడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు. పరీక్ష చేయించకుండా ఐరన్ మింగొద్దు. ఇచ్చాక, బిళ్ల వేసుకున్న గంటలోపు ఇరానీ చాయ్ తాగితే అది సగం వృథా. సాయంత్రం చాయ్‌లు కాళ్లనూ రెచ్చగొడతాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌కూ ఇదే గుణం, మీకు కాళ్ల లాగుడు ఉందని డాక్టరుకు ముందే చెప్పండి.

లాగుడు ఎక్కువ సాయంత్రం, రాత్రే కాబట్టి బట్టీ పట్టేవి, మ్యాపులు అప్పటికి ఉంచి నిలబడి చదవండి. కూర్చుని రాసే ప్రాక్టీసు పొద్దున పెట్టుకోండి. కొత్త మందేదైనా మూడు గంటల మాక్ రాసే రోజున, పరీక్షనాడు వేసుకోబోయే టైముకే వేసి చూడండి. ఆ రాత్రి కాళ్లు ఎలా ఉన్నాయో, మర్నాడు పొద్దున తల బరువుగా ఉందేమో రెండు ముక్కలు రాసిపెట్టుకోండి. డాక్టరు అడిగేవి అవే.