ముఅజ్జల్ అని రాసి వదిలేయకండి

నిఖానామాలో (ముస్లిం పెళ్లి ఒప్పంద పత్రంలో) మహర్, అంటే పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ము, రాసే గడి దగ్గర ఒక చిక్కుంది. ఉర్దూలో ముఅజ్జల్ అన్న మాటను 'ఐన్' అక్షరంతో రాస్తే అడిగిన వెంటనే ఇవ్వాల్సిన మహర్. 'హమ్జా'తో రాస్తే తర్వాత, అంటే తలాకో భర్త మరణమో సంభవించినప్పుడు ఇవ్వాల్సింది. పలికితే రెండూ ముఅజ్జలే. తెలుగులోకి వచ్చేసరికి ఆ కాస్త తేడా కూడా మాయం. కాబట్టి పక్కనే 'అడిగిన వెంటనే' అనో 'తర్వాత' అనో విడమరిచి రాయించాలి. కాపీ పెళ్లికూతురి దగ్గరే ఉండాలి. అత్తగారింటి బీరువాలో ఉన్న కాపీ లేనట్టే.

మహర్ మొత్తాన్ని రూపాయల్లో రాస్తే ఇరవై ఏళ్లకు దానికి విలువుండదు. బంగారమో వెండో గ్రాముల్లో రాయించడం మేలు. హనఫీ లెక్కలో (ఇస్లామిక్ న్యాయశాస్త్ర శాఖల్లో ఒకటి) కనీస మహర్ 10 దిర్హములు (పాతకాలపు వెండి నాణేలు), సుమారు 30 గ్రాముల వెండి. ప్రవక్త కూతురు ఫాతిమా పేరున చెప్పుకునే మహర్-ఎ-ఫాతిమీ 500 దిర్హములు, అంటే దాదాపు కిలోన్నర వెండి. అబ్బాయికి జోడా పైసలు (కట్నం డబ్బు) లక్షల్లో మాట్లాడుకునే పెద్దలు మహర్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు గొంతు తగ్గిస్తారో! మహర్ ఖురాన్ చెప్పిన హక్కు, జోడాకు అందులో ఆధారమే లేదు.

భర్త పోతే, ఇవ్వని మహర్ అతని అప్పే. ఖననం ఖర్చు, అప్పులు తీరాకే వారసుల వాటాలు. జనాజా (శవయాత్ర) దగ్గర భార్య చేత మహర్ 'మాఫ్' (వదిలేశాను) అనిపించే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. ఆ దుఃఖంలో అనిపించిన మాఫీని కోర్టులు ఒప్పుకోని సందర్భాలున్నాయి. దావాకు మాత్రం గడువు 3 ఏళ్లే.

ఇక భూమి. 'పొలానికి షరియత్ (ఇస్లామిక్ చట్టం) వర్తించదు' అని చిత్తూరు వైపు అన్నదమ్ములు చెబితే నమ్మకండి. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని పక్కన పెట్టిన మాట నిజమే. కానీ మద్రాసు ప్రభుత్వం 1949లో ఆ మినహాయింపు తీసేసింది, చిత్తూరు అప్పుడు మద్రాసు కిందే ఉంది.

పలమనేరు దగ్గర 2 ఎకరాల మామిడితోట ఉందనుకోండి. తండ్రి పోయాడు. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లికి ఎనిమిదో వంతు, 25 సెంట్లు. మిగిలిన 175 సెంట్లలో కొడుకులకు చెరి 70, కూతురికి 35. అన్నలో సగమేగా అనుకోవచ్చు, కానీ ఆ సగమూ చేతికి రాదు, అసలు గోల అక్కడే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆడపిల్లల పేర్లు వదిలేస్తారు, పాసుపుస్తకం కొడుకుల పేరున మారిపోతుంది. అందుకే దరఖాస్తు పెట్టే రోజే అందులో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తండ్రి బతికుండగానే కూతురి చేత 'నాకు వాటా వద్దు' అని సంతకం పెట్టించుకుంటారు. ఇంకా పుట్టని హక్కును వదులుకోవడం ఉత్తుత్తి మాటే. అయితే బదులుగా డబ్బు పుచ్చుకుంటే తర్వాత వాటా అడగడం కష్టం.

కూతురికి ఇల్లు ఇవ్వాలనుకునే తండ్రికి దారి హిబా, అంటే బతికుండగానే ఇచ్చే దానం. వసియత్ (వీలునామా) అయితే మూడో వంతు దాటదు, పైగా వారసురాలికి రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. హిబాకు మూడు కావాలి: ఇస్తున్నానని చెప్పడం, ఆమె తీసుకోవడం, స్వాధీనం అప్పగించడం. ఎక్కువగా తప్పేది మూడోదే. తాళాలు తన దగ్గరే పెట్టుకుని, అద్దె తనే తీసుకుంటూ ఉంటే రేపు హిబా నిలవదు. నోటిమాట హిబా కూడా చెల్లుతుంది గానీ, ఇంటిపన్ను పేరు మార్చాలంటే మున్సిపాలిటీ వాళ్లు కాగితమే అడుగుతారు. రిజిస్టర్ చేయించేయండి.